మందు ఆయన దగ్గర, టోపీలు ఆమె దగ్గర

“మందు, టోపీలు ఒక్క చేతిల ఉండొద్దు బిడ్డా. ఒక్క అర్రల సుత ఉండొద్దు. ఇంట్ల తుపాకి నింపుకునేటోళ్లకు గిదే మొదటి మాట. మందు ఆయన దగ్గర, టోపీలు నా దగ్గర. నలభై ఒక్క ఏండ్ల సంది మా ఇంట్ల గట్లనే నడిచింది.”

సుగుణమ్మ అరుగు మీద కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తూ చెబుతోంది. నేను వాళ్ల బోరు స్టార్టర్ డబ్బా మూత విప్పి, మాడిపోయిన కాయిల్ బయటికి తీస్తున్నాను. బిజినేపల్లి నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి, గుట్ట వారగా ఉంది వాళ్ల ఊరు. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే మూడెకరాల పల్లి చేను. ఏడేళ్లుగా వాళ్ల మోటారు చెడిపోయినప్పుడల్లా వనపర్తి నుంచి నేనే వస్తాను. పని గంటలో అయిపోతుంది. సుగుణమ్మ మాట మొదలుపెడితే నేనే కాస్త మెల్లగా చేస్తాను.

“పెద్దనాయిన కనపడడేంది?” అన్నాను.

ఆమె చేయి ఆగింది. “పోలీస్‌స్టేషన్‌కు వొయ్యిండు. తిరుపతి బండి మీద కూసోవెట్టుకొని తీస్కపోయిండు. తుపాకి అప్పజెప్పనీకె.”

తిరుపతి ఆమె కొడుకు. ఆ ఊళ్లోనే, నాలుగిళ్ల అవతల ఉంటాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. అది నాకు తెలుసు. “ఇప్పుడేం ఎలక్షన్లు పెద్దమ్మా?” అని అడిగాను.

“ఎలక్షన్లకు పోతె పుట్టింటికి పోయినట్టు. నెలకో రెండు నెలలకో మల్లొస్తది. గిప్పుడు పోయింది మల్ల రాదు.” కందిగింజలు గిన్నెలో వేసి, దారివైపు చూసింది. “పొద్దుగాల ఏ మొఖంతోని వొయ్యిండో సూసిన. నవ్వుకుంటనే వొయ్యిండు. ఏ మొఖంతోని వస్తడో, గదే నా పరేషాన్. తుపాకి పోతె పోయింది. ఆయన మనిషి చిన్నగ గావొద్దు.”

అప్పటికి నాకు సంగతి అర్థం కాలేదు. కాయిల్ పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

పెద్దనాయిన కురుమూర్తికి అరవై ఎనిమిదేళ్లు. ఆయన తుపాకి పాతకాలపుది, ఒక్క గొట్టందే. తూటాలుండవు. గొట్టం మూతి నుంచి కొలత మందు పోసి, పైన కొబ్బరిపీచు పెట్టి, పొడుగాటి పుల్లతో కూరాలి. వెనకాల చిన్న ముక్కు ఉంటుంది. దాని మీద పెసరగింజంత రాగి టోపీ తొడగాలి. గుర్రం, అంటే మీట నొక్కితే పడే చిన్న ఇనుప సుత్తి, టోపీ మీద కొడితే నిప్పు లోపలికి పోతుంది. టోపీ లేకపోతే తుపాకి ఇనుప గొట్టమే, ఇంకేం కాదు. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి వాళ్ల నాయన కాలంలో ఇచ్చిన లైసెన్సు అది, తర్వాత ఈయన పేరు మీదికి మారింది.

“పందిని ఎన్నడన్న కొట్టిండా?” అని అడిగాను.

“ఏడ కొట్టిండు! గుండు వెయ్యడు. ఉత్త మందే. పొద్దు గూకంగ ఒక్కసారి గుట్ట దిక్కు తిరిగి ఢామ్మంటడు, గంతే. పందులు గుట్ట దిగకపోతుండె. ఇటు మా చేనుకు, అటు బాలస్వామి చేనుకు, ఇంగ అవతలి రెండు చేన్లకు సుత ఆ సప్పుడే కావలి. పక్కూరోళ్లు గట్ల మీద కరెంటు తీగలు గుంజితే ఈయన తిట్టి ఇప్పిస్తుండె. తీగకు పంది ఒకటే తలగదు, మనిషి సుత తలగొచ్చు అని.”

సుగుణమ్మ గద్వాల అవతల, రాయచూరు దారి మీది ఊరి మనిషి. నల్లరేగడి నేల. గుట్టల్లేవు, పందుల్లేవు. పదిహేడేళ్లప్పుడు పెళ్లయి ఇక్కడికి వచ్చింది. ఇప్పటికీ కోపమొస్తే ‘వద్దు’ అనదు, తల్లిగారింటి కన్నడంలో ‘బ్యాడ’ అంటుంది. కురుమూర్తికి అది విన్నప్పుడల్లా నవ్వు.

ఆమె వచ్చిన నాలుగో ఏడు మామ చేయి కాలింది. ఒక దెబ్బ పేల్చి, గొట్టం వేడిగా ఉండగానే, రెండో దెబ్బకు బుర్రలోంచే నేరుగా మందు ఒంపాడు. ఎండిన సొరకాయ బుర్ర అది, మందంతా అందులోనే ఉంటుంది. గొట్టం అడుగున పీచు ముక్క ఇంకా రగులుతోంది. మంట పైకి లేచి బుర్రను అందుకుంది.

“రెండు వేళ్లు పోయినయి మామకు. గడ్డం కాలిపోయింది. నెలరోజులు వనపర్తి దవాఖానల నేనే ఉన్న. వాసన ఇంక ముక్కుల్నే ఉన్నది. ఇంటికి తెచ్చినంక మామ అన్నడు, ఇగ కురుమూర్తి పేరు మీద రాయించుదం అని. నేను వాకిట్లకొచ్చి బ్యాడ అన్న. అందరు నా దిక్కు సూసిండ్రు. కోడలు పిల్ల, నోరిప్పింది అని.”

“పెద్దనాయిన ఏమన్నడు?”

“ఏం లేదు. నవ్విండు. ‘ఏం జేస్తే బ్యాడ అనవు?’ అని అడిగిండు. నేను ఆ నెలంత దవాఖానల కూసోని గదే ఆలోచన చేసిన గద. చెప్పిన.”

ఆనాడు ఆమె చెప్పినవి అప్పటి నుంచి ఆ ఇంటి పద్ధతులయ్యాయి. బుర్రలోంచి గొట్టంలోకి మందు ఒంపకూడదు. బొటనవేలంత ఇత్తడి గొట్టం చేయించి, దాంతో కొలిచి, బుర్రకు బిరడా బిగించి, దూరంగా పెట్టి, అప్పుడు పొయ్యాలి. పేల్చిన తర్వాత తడిగుడ్డ దించి తుడవాలి, గుడ్డ చల్లగా బయటికి వచ్చేదాకా రెండోసారి మాటే ఎత్తకూడదు. బీడీ, అగ్గిపెట్టె గడప బయటి రాతి మీద పెట్టి రావాలి. నింపేటప్పుడు ఎవరూ పలకరించకూడదు, ఫోన్లు వచ్చాక ఫోను కూడా ఆ రాతి మీదికే పోయింది. మూతి ఎప్పుడూ గుట్ట వైపే. ముఖం దాని మీదికి వంచకూడదు.

ఇంకొకటి పుల్ల. కూరే పుల్ల మీద కురుమూర్తి కత్తితో రెండు గాట్లు పెట్టాడు. పుల్లను గొట్టంలోకి దించితే, పై గాటు మూతికి సమంగా వస్తే గొట్టం ఉత్తది. కింది గాటు వస్తే లోపల ఒక కొలత ఉన్నట్టు. నింపే ముందు పుల్ల దించి, పైకి వినపడేలా ‘ఉత్తదే’ అనాలి. నింపాక మళ్లీ దించి ‘నిండింది’ అనాలి. ఆ రెండో మాట విన్నాకే సుగుణమ్మ నడుము దగ్గరి వక్కల సంచిలోంచి సున్నపుడబ్బా తీసి, అందులోంచి ఒక్క టోపీ ఇస్తుంది. రెండు కాదు, ఒక్కటే. పందుల సందడి లేక పేల్చకపోతే టోపీ తిరిగి ఆమె చేతికి రావాలి. తెల్లవారగానే లోపలి మందు తీసెయ్యాలి.

“ఊరోళ్లు ఊకుంటరా! ‘పెండ్లాం సెలవిస్తేనే పేలుతది కురుమూర్తి తుపాకి’ అని ఆడుకున్నరు. బాలస్వామి అయితే నా ముంగల్నే అన్నడు, ‘వదినా, అన్న చేన్లకెళ్తె సుత నీ సంచిల టోపీ కావాల్నా?’ అని. ‘నీకు వేళ్లు పదున్నయా లేవా లెక్కవెట్టుకోని మాట్లాడు’ అన్న. మా మామ అక్కడ్నే కూసున్నడు. చెయ్యి పైకెత్తి సూపిచ్చిండు. అప్పుడు నవ్విండ్రు గాని, నోరు మూసుకున్నరు.”

చెబుతూ తనూ నవ్వింది. నలభై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఒక్క వేలు కూడా కాలలేదు. తుపాకి లోపలి గదిలో కొయ్యకు, మందు బుర్ర పశువుల కొట్టంలో ఎత్తున, టోపీలు ఆమె నడుముకు. కాన్పు తర్వాత పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా డబ్బా వెంట తీసుకుపోయిందట. ఆ రెండు నెలలు కురుమూర్తి రేకు డబ్బా కొట్టుకుంటూ చేను కాశాడు.

“అది కాదు గని బిడ్డా,” అంటూ ఆమె గొంతు తగ్గించింది. చుట్టుపక్కల ఎవరూ లేరు, అయినా తగ్గించింది. “పోయిన ఏడాది సంది ఆయనకు మరుపు మొదలైంది.”

మొదట చిన్న చిన్నవే. తాగిన చాయ మళ్లీ అడగడం, బర్రెను కట్టేసి వచ్చి కట్టేయలేదని లేవడం. ఆమె పట్టించుకోలేదు. కానీ తుపాకి దగ్గర ఆయన ఎన్నడూ తప్పేవాడు కాదు. చేతికి అలవాటు కదా అనుకుంది.

“అసలు అలవాటే మోసం జేసింది. చెయ్యి దాని పని అది చేస్తనే ఉంటది. మనసు ఆడ లేదని చేతికి తెల్వదు.”

పోయిన నెల ఒక సాయంత్రం జరిగింది. అంతకుముందు రోజు ఆయన తుపాకి నింపాడు. మబ్బు పట్టి చినుకులు పడ్డాయి, పందుల జాడ లేదు. టోపీ తిరిగి ఆమె చేతికి ఇచ్చేశాడు. తెల్లవారి మందు తీయాలి, తియ్యలేదు. ఆమె బర్రె ఈనుతుందని కొట్టంలో ఉండి, అడగడం మరిచింది. “గది నా తప్పు,” అన్నది రెండుసార్లు. సాయంత్రం ఆయన వాకిట్లోకి వచ్చి, బీడీ రాతి మీద పెట్టి, మందు కొలిచి, పోసి, పీచు పెట్టి, కూరి, ‘నిండింది’ అని చెయ్యి చాచాడు.

ఆమె సంచి విప్పింది. డబ్బా మూత తీసింది. టోపీలు చూడగానే గుర్తొచ్చింది. నిన్న ఇచ్చిన టోపీ వెనక్కి వచ్చింది. అంటే నిన్నటి దెబ్బ పేలలేదు. మరి నిన్నటి మందు ఏది? పైగా ఈరోజు ‘ఉత్తదే’ అన్న మాట తన చెవిన పడలేదు.

“డబ్బా మూత మల్ల వెట్టిన బిడ్డా. ఆయన చెయ్యి చాపుకొనే ఉన్నడు. ‘ఏందే, ఇయ్యవా’ అంటుండు. ‘బర్రె అరుస్తుంది, జర సూసిరాపో’ అన్న. తుపాకి గోడకు నిలవెట్టి వొయ్యిండు. నేను పక్కకు నిలబడి, మొఖం అవతలికి తిప్పుకోని, పుల్ల మెల్లగ దించిన. కింది గాటు దాక సుత పోలే. ఇంక నాలుగు వేళ్ల పైన్నే నిలబడ్డది.”

రెండు కొలతలు. దాని మీద టోపీ తొడిగి కొడితే, ఆ పాత గొట్టం ఓర్చుకుంటుందో పగులుతుందో ఎవరూ చెప్పలేరు. పేల్చేటప్పుడు ఆయన చెంప దానికి ఆనుకునే ఉంటుంది.

ఆయన కొట్టంలోంచి వచ్చేసరికి ఆమె డబ్బాను గుడ్డలో చుట్టి ముడి వేసి, పొయ్యి వెనకాల దూలం సందులోకి తోసేసింది. నిప్పుకు అందకుండా, బాగా పైన. ఖాళీ సంచి చేత్తో పట్టుకుని నిలబడింది.

“‘టోపీలు పోయినయయ్యా’ అన్న. ‘ఏడ పోయినయి?’ ‘ఏమో, చేన్ల పడ్డట్టున్నయి.’ నా బతుకుల ఆయనకు అబద్ధం చెప్పింది గదొక్కటే.”

“ఉన్నమాటే చెప్తే ఏమయ్యేది పెద్దమ్మా?”

“ఏమయితది! తిరుపతికి తెలుస్తది. వాడు మంచోడే గని నోరు పెద్దది. ‘నాయినకు మతి పోయింది’ అని బజార్ల నిలబడి అంటడు. ఆ పొద్దే తుపాకి గుంజుకపోయి ఇచ్చొస్తడు. నలుగురి చేన్లకు కావలి కాసిన మనిషి బిడ్డా. చేతిలకెల్లి గుంజుకుంటె ఇంగ లేవడు. ఆయనంతట ఆయన దించాలె. గది నా కోరిక.”

ఆ రాత్రే ఆమె తుపాకిని పాత సామాన్ల గదిలో మూతి పైకి పెట్టి నిలబెట్టి, గదికి తాళం వేసింది. ఆ గదిలో దీపం లేదు, కరెంటు లేదు. టోపీ లేకుండా అది పేలదని తెలుసు. అయినా మూడు రోజులు ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

ఆ మూడు రోజులూ కురుమూర్తి చేనంతా వెతికాడు. పల్లి మొక్కల మధ్య వంగి, కర్రతో ఆకులు పక్కకు జరుపుతూ, సాలు సాలు తిరిగాడు. ఆమె కూడా వెంట తిరిగింది. లేని డబ్బాను ఉన్నట్టే వెతికింది.

“ఆయన నడుం నొప్పి నాకెరుక. వంగుతుంటె పానం గుంజేది. ‘సాలు తియ్యి, దొరకది’ అంటె, ‘నీది గాదా, నలభై ఏండ్లు నడుముకు కట్టుకున్నవ్, దొరకాలె’ అంటడు. ఆ మాటకు చెప్పేద్దామనుకున్న. నోటిదాక వచ్చింది.”

నాలుగో రోజు ఆమె బర్రెకు గడ్డి ముక్కలు కొట్టించడానికి మిషన్ దగ్గరికి వెళ్లి వచ్చింది. ఇంట్లో ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. పలకరిస్తే ఊఁ అన్నాడు. వంట చేయడానికి పొయ్యి దగ్గరికి పోయి, అలవాటుగా దూలం సందు వైపు చూసింది. డబ్బా అక్కడే ఉంది. గుడ్డలో చుట్టి తను వేసిన ముడి మాత్రం లేదు.

“నేను ముడి వేస్తె కొస గుంజితె ఊడొస్తది. డబ్బా మీద ఎద్దు తాడు ముడి ఉన్నది. పలుపుకు వేస్తరు సూడు, రెండు మెలికలు తిప్పి, గది. మా ఇంట్ల ఆ ముడి వేసేది ఒక్కడే.”

ఆమె ఒలవడం పూర్తిగా ఆపేసింది. నేను కూడా స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

“దొరికింది ఆయనకు. తీసి సూసి, మల్ల కట్టి, మల్ల ఆడ్నే వెట్టిండు. అడగలే. ‘ఎందుకు దాచినవే’ అని ఒక్క మాట అడగలే. నేను సామాన్ల అర్రకు వొయ్యిన. తాళం ఏసే ఉన్నది. తాళంచెయ్యి నేను వెట్టిన కొయ్యకు గాదు, పక్క కొయ్యకు ఉన్నది. పుల్ల దించి సూసుకున్నడు. నాలుగు వేళ్ల పైన నిలబడ్డది ఆయనకు సుత కనపడ్డది.”

“మరి?”

“పొయ్యి ముంగల కూసోని ఏడ్సిన. పొగ అనుకుంటడు లే అని.”

ఆ సాయంత్రం బాలస్వామి వచ్చాడు. ఆయన చేను వీళ్ల చేను గట్టుకు అవతలే. మూడు రోజులుగా తుపాకి చప్పుడు లేక పందులు తన చేను మూల తవ్వేశాయి. వాకిట్లో నిలబడి, “ఏందన్నా, కావలి బందు వెట్టినవా?” అని అడిగాడు. సుగుణమ్మ లోపల తలుపు పక్కన నిలబడింది. కురుమూర్తి ఏం చెబుతాడో అని చెవి ఒగ్గింది.

ఆయన మంచం మీద లేచి కూర్చుని పెద్దగా అన్నాడట: “ఏం జెప్పాలెరా! మీ వదిన ముసల్దయింది. మరుపొచ్చింది. టోపీలు పోగొట్టింది. చేనంత దేవిన, దొరకలే. ఇగ కొత్తవి తెచ్చి ఈమె చేతిల వెట్టుడు నా తోని కాదు. టోపీల మనిషికే మతి లేకపోతె తుపాకి ఇంట్ల ఉండొద్దు. గిదే మా పద్ధతి. ఇచ్చేస్త స్టేషన్‌ల.”

బాలస్వామి తల ఊపి, లోపలికి తొంగి చూసి, “ఏం వదినా, గంత మరుపా?” అన్నాడు.

“అవునయ్యా అన్న. ఏం జేసుడు, వయసొచ్చింది అన్న.” సుగుణమ్మ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. “ఊరంత నన్నే అంటున్నరు ఇప్పుడు. తిరుపతి వచ్చి ‘అవ్వా, నీకు తలకాయ ఉన్నదా’ అని కొట్లాడిండు. అననీ. నా తలకాయకేం తక్కువైంది?”

మరుసటి రోజు పట్టపగలు కురుమూర్తి తుపాకిని తనే బయటికి తెచ్చాడు. నిండిన తుపాకిని ఎవరి చేతికీ ఇవ్వకూడదు, స్టేషన్ గడప ఎక్కించకూడదు. మూతి గుట్ట వైపు తిప్పి, వాకిట్లో రాళ్ల మధ్య వాల్చి, పక్కకు నిలబడి చెంబు అడిగాడు. ఆమె చెంబుతో నీళ్లు అందించింది. గొట్టం నిండా నీళ్లు పోసి, రోజంతా నాననిచ్చాడు. తెల్లవారి మళ్లీ పోశాడు. తర్వాత కొసకు మర ఉన్న పుల్ల దించి, తిప్పుతూ పీచు పైకి లాగాడు. వెనకే నల్లటి బురద వచ్చింది. మళ్లీ దించాడు. మళ్లీ పీచు, మళ్లీ బురద.

“ఇద్దరం ఆ రెండు పీచు ముద్దల్ని సూసుకుంట నిలబడ్డం. రెండని నేను అనలే, ఆయన అనలే. బుర్రల ఉన్న మందుల సుత నీళ్లు పోసి, గుంత తవ్వి పూడ్చిండు. అప్పుడు పుల్ల దించి, గాటు సూసి, నా దిక్కు తిరిగి ‘ఉత్తదే’ అన్నడు. గింత మెల్లగ ఎన్నడు అనలే.”

ఇదంతా రాయవచ్చా అని తర్వాత, నెల గడిచాక, నేను కురుమూర్తినే అడిగాను. ఆయన గట్టు మీది గడ్డి రెండు గుప్పెళ్లు పీకి పక్కన పడేశాడు. ఆ పైన, “రాయి. గసుంటి తుపాకులు ఇంక శానా ఇండ్లల్ల ఉన్నయి. ఎవడన్న నింపేముందు ఒక్కసారి పుల్ల దించి సూసుకుంటడు. ఇంట్లోల్లను అడుగుతడు. అయితె మీ పెద్దమ్మకు మతిమరుపు లేదని సుత రాయాలె,” అన్నాడు. రాస్తున్నాను. సుగుణమ్మకు మతిమరుపు లేదు.

స్టార్టర్‌లో కొత్త కాయిల్ బిగించి, బటన్ నొక్కి చూశాను. బోరు నీళ్లు తన్నాయి. అదే సమయానికి బండి చప్పుడైంది. సుగుణమ్మ లేచింది, మళ్లీ కూర్చుంది. కందికాయలు చేతిలోకి తీసుకుంది కానీ ఒలవలేదు.

తిరుపతి బండి ఆపాడు. వెనక నుంచి కురుమూర్తి దిగాడు, చేతులు ఖాళీ. తెల్ల అంగీ, మెడలో టవల్. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

“ఇగో రసీదు. దాచు. గిదన్న పోగొట్టకు.”

తిరుపతి నవ్వాడు. ఆమె తల ఎత్తకుండా ఆయన ముఖం చూసింది. “ఏమన్నరు ఆడ?”

“ఏమంటరు! ఎస్సై లోపల కూసోవెట్టి చాయ తాపిచ్చిండు. గొట్టం సూసిండు. ‘ఇంత సాఫుగ నీళ్లు పోసి, కడిగి, తుడిసి తెచ్చినోణ్ని సూడలే తాతా’ అన్నడు. ఆడున్న పిల్ల పోలీసోళ్లను పిలిచి సూపిచ్చిండు. నేను ఆ పుల్ల గాట్ల సంగతి చెప్పిన. ఒకామె రాసుకున్నది సుత.” అని నా వైపు తిరిగాడు. “నువ్వెప్పుడొచ్చినవ్‌రా? ఏం చెప్తుంది ముసల్ది? నా మీద చాడీలా?”

“మోటారు సంగతి పెద్దనాయినా,” అన్నాను.

“అబద్ధం. నీకు ఈమె దగ్గర కూసుంటె పని సాగది. నాకు సుత సాగది.” టవల్‌తో ముఖం తుడుచుకుని, చెప్పులు విడవకుండానే చేను వైపు చూశాడు. “ఇగ సప్పుడు లేదు. వేరే ఉపాయం సూడాలె. స్టేషన్ల ఒకాయన చెప్పిండు, మనిషి వెంట్రుకలు గట్టెంబడి చల్లితె పంది రాదట. మూతి నేలకు వెట్టి వాసన సూస్తది గద, ముక్కులకు పోయి తుమ్ముకుంట ఉరుకుతదట. గట్టు చుట్టు కొలిచి వస్త. ఎడల్పు జానెడు సాలదు, మూరెడు చల్లాలె. బాలస్వామి గట్టు సుత కలుపుకోవాలె.”

“నీళ్లన్న తాగి పో,” అంది ఆమె.

“వచ్చి తాగుత.” అడుగులు లెక్కపెట్టుకుంటూ చేను గట్టు ఎక్కాడు. పది అడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసి, “పది అన్ననా?” అని అడిగాడు.

“పదే,” అంది సుగుణమ్మ గట్టిగా. “ఇగ పదకొండు.”

ఆయన పదకొండు అని ముందుకు నడిచాడు. తిరుపతి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆమె ఆయన గట్టు మలుపు తిరిగేదాకా చూస్తూ, ప్రతి పదికీ ఇక్కడి నుంచే అంకె అరిచి అందించింది. ఆ తర్వాత రసీదును వక్కల సంచిలోకి తోసి, ముడి వేసి, లేచి లోపలికి పోయి ఒక గోనె సంచి తెచ్చి నా బండి మీద వేసింది.

“బిజినేపల్లి మీదికెల్లే పోతవ్ గద బిడ్డా. బస్టాండు దగ్గర కటింగ్ షాపులు మూడున్నయి. ఆయన పోయి వెంట్రుకలు అడగడు, నామోషీ పడతడు. నువ్వు అడుగు. ఊడ్సి పారేసేటియే గద, గట్టిగ నింపుకో. జల్దిన తెచ్చియ్యి, ఎల్లుండి ఆయన చల్లుతడు. ఎవరికని అడిగితె నలుగురి చేన్ల కావలికి కురుమూర్తి పంపిండు అని చెప్పు. నా పేరు ఎత్తకు. ఇగ పో.”